కరాచీ దారి పట్టినవాళ్లు, ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు

సాగర్ రోడ్డు చరిత్ర – 14

తుర్కయాంజాల్‌లో ప్లాటు కొనబోయేవాళ్లు మొదట ధర అడుగుతారు. ఆ వెంటనే లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ఇప్పుడు అమ్ముతున్నాయనకు ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరు అమ్మారు అని కాగితం వెనక కాగితం తిరగేస్తూ పోతే వెంచర్ వేసినవాళ్లు, జీపీఏ రాసిచ్చిన రైతు, ఆ రైతు తండ్రి, అందరూ దాటిపోయి చివరికి 1954–55 ఖాస్రా పహాణీ దగ్గర ఆగుతాం. బ్యాంకు వకీళ్లు కూడా సాధారణంగా అక్కడే ఆగుతారు. దానికంటే వెనక సేత్వార్లు ఉంటాయి, ఉర్దూలో రాసిన ముంతఖబ్‌లు ఉంటాయి. వాటిని చదవగలిగినవాళ్లు తక్కువ. చదవాలనుకునేవాళ్లు ఇంకా తక్కువ.

ఆ పహాణీకి ముందు ఆరేడేళ్ల కాలం సంగతి ఈ వారం. సర్ఫేఖాస్ ఎలా పుట్టిందో, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన ఈ భూముల ఆదాయం ఎటు పోయేదో పోయిన సంచికలో చూశాం. హైదరాబాదు పట్నాన్ని చుట్టుకుని ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లాలో ఎక్కువ భాగం ఆ కోవలోదే. 1949 ఫిబ్రవరిలో ఒక ఫర్మానాతో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయింది. నిజాముకు ఏటా 50 లక్షల రాజభరణం, సర్ఫేఖాస్ పోయినందుకు మరో 25 లక్షలు ఇవ్వాలని ఒప్పందం. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 జనాభా లెక్కల నాటికి అత్రాఫ్ బల్దా అనే జిల్లాయే లేదు. ఇబ్రహీంపట్నం హైదరాబాద్ జిల్లాలో ఒక తాలూకా అయింది.

భూమి మీద హక్కులు ఇంత వేగంగా మారిపోతున్న ఆ రోజుల్లోనే మనుషులు కూడా ఊళ్లు మారారు. కొందరు రాత్రికి రాత్రి పట్నం చేరారు. పట్నంలోంచి కొందరు బొంబాయికి, అక్కడినుంచి కరాచీకి పోయారు. అంతకు ముందు ఏడాదే ఇంకో రకం జనం ఇంకో దిక్కుకు పోయారు: బెజవాడ వైపు, షోలాపూర్ వైపు, సరిహద్దు శిబిరాలకు. ఎవరు ఎవరికి భయపడి పోయారన్నది నెలను బట్టి మారుతుంది. 1948 ఆగస్టులో అడిగితే ఒక జవాబు, అక్టోబరులో అడిగితే మరో జవాబు.

ఆగస్టు నుంచే మొదలుపెడదాం.

ఆగస్టు రెండో వారంలో హైదరాబాదులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేశారు. రజాకార్లను రద్దు చెయ్యాలని, భారత యూనియన్‌తో రాజీకి రావాలని దాని సారాంశం. బాకర్ అలీ మీర్జా, మంజూర్ యార్ జంగ్, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా అందులో ఉన్నారు. ఫరీద్ మీర్జా పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఆ ప్రకటనను అచ్చు వేసిన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్. దాని సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. పుట్టింది మానుకోట దగ్గర. అంతకు ముందు పనిచేసిన తాజ్, రయ్యత్ పత్రికలు నిజాం ప్రభుత్వం ధాటికి మూతపడితే బూర్గుల రామకృష్ణారావు వంటివాళ్ల అండతో 1947 నవంబరులో సొంత పత్రిక పెట్టుకున్నాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడలో ఇంటికి వెళ్తుంటే తుపాకులతో కాల్చి, చెయ్యి నరికి చంపారు. రాసిన చేతికి శిక్ష అది.

ఐదారు రోజులు తిరగకుండా, ఆగస్టు 27న, ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి పడ్డారు. ఊరివాళ్లు బురుజు మీదినుంచి అంతకు ముందు రెండుమూడు సార్లు వాళ్లను వెనక్కి తరిమారు. ఈసారి ఫిరంగులతో వచ్చారు. చనిపోయినవాళ్లు తొంభై మందికి పైమాటే. ఆ బురుజు ఇంకా నిలిచే ఉంది. ఏటా అక్కడ నివాళులర్పిస్తారు.

రజాకారు అనగానే మనకు ఒకే ముఖం గుర్తొస్తుంది, సినిమాలు అలా అలవాటు చేశాయి. ఆ దళం తీరు కాస్త చూడాలి. 1927లో పుట్టిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయేదాకా ఆయనే పెద్ద. తరువాత 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ అధ్యక్షుడయ్యాడు. అతని చేతిలో రజాకార్లు సైన్యం పక్కన మరో సైన్యంగా పెరిగారు. సంఖ్య రెండు లక్షల దాకా చెప్పిన అంచనాలున్నాయి. ఖాకీ బట్టలు, బరిసెలు, తల్వార్లు, భర్మారు తుపాకులు. సర్కారు జీతం లేదు. జీతం లేని సైన్యం ఎవరి మీద బతుకుతుంది? ఊరి మీద బతుకుతుంది. పోలీసుల వెంట దాడికి వెళ్తే వడ్లు, మేకలు, బంగారం దొరికేవి. ఊళ్లలో తిరగబడ్డ రైతుల సంఘం దెబ్బకు గడీలు వదిలి పట్నం చేరిన దేశ్‌ముఖులు అదే పోలీసుల, రజాకార్ల వెంట తిరిగి వచ్చి పాత బాకీలు తీర్చుకున్నారు. ఆ దేశ్‌ముఖుల్లో హిందువులే ఎక్కువ. ఇటు చూస్తే, విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో 1940లో హతుడైన కామారెడ్డిగూడెం బందగీ ముస్లిం. భూమి కోసం కోర్టులో గెలవడమే అతను చేసిన నేరం. మతం ఒక్కదాన్నే పట్టుకుని ఈ కథ చెప్పబోతే మధ్యలో ఎక్కడో దారం తెగిపోతుంది.

సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది. మన పెద్దవాళ్లు పోలీస్ యాక్షన్ అనడంకంటే 'యూనియన్ మిలిట్రీ వచ్చినప్పుడు' అనడమే ఎక్కువ. ముఖ్యమైన దండు షోలాపూర్ నుంచి నల్‌దుర్గ్, జహీరాబాద్ మీదుగా వచ్చింది. రెండోది బెజవాడ నుంచి. ఆ దండును ఆపడానికి నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చేసింది. అయినా 17 నాటికి అది నార్కట్‌పల్లి చేరింది. అక్కడినుంచి హయత్‌నగర్ దాకా తిన్నగా రోడ్డే. ఆ రోజు సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడాడు. ప్రధాని లాయక్ అలీ రాజీనామా చేశాడు. 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఐదు రోజుల యుద్ధం. పాఠ్యపుస్తకం అక్కడ పేజీ తిప్పుతుంది.

నేను మాత్రం ఆ పేజీ తిప్పే ముందు కొంచెం దూరం వెళ్లివస్తాను. హైతీ దాకా.

కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దేశంలో 1957 నుంచి 1986 దాకా దువాలియే తండ్రీకొడుకులు ఏలారు. తండ్రి ఫ్రాంస్వా తన సైన్యాన్ని కూడా నమ్మలేదు. సైన్యం పక్కన టాంటాన్ మకూట్ అనే స్వచ్ఛంద దళాన్ని పెంచాడు. వాళ్లలోనూ చాలామందికి జీతం లేదు, ఊరే జీతం. ఇరవై తొమ్మిదేళ్లలో 30,000 నుంచి 60,000 మంది దాకా చనిపోయారని అంచనాలు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు లక్షల్లో న్యూయార్క్, మయామీ, మాంట్రియల్ చేరారు. వింతేమిటంటే పాలన కూలాక చంపినవాళ్లు కూడా అదే దారిన అవే పేటలకు చేరారు. బాధితుడు రొట్టె కొనే అంగట్లోనే బాధించినవాడూ రొట్టె కొంటాడు.

ఎడ్విజ్ డాంటికాట్ అనే రచయిత్రి 1969లో పోర్ట్ ఓ ప్రిన్స్‌లో పుట్టి, పన్నెండో ఏట న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తల్లిదండ్రుల దగ్గరికి చేరింది. 2004లో ఆమె 'ద డ్యూ బ్రేకర్' అనే పుస్తకం వేసింది. తొమ్మిది కథలు. ఒక్కోటి విడిగా చదివితే ఒక్కో మనిషి బతుకు. బ్రూక్లిన్‌లో మంగలి షాపు నడుపుకునే ఒక పెద్దాయన, ముఖం మీద మచ్చ. ఆయన జైల్లో మగ్గి వచ్చాడని నమ్మి, కూతురు ఆయన బొమ్మ చెక్కుతుంది. ఆ బొమ్మను ఆయన ఫ్లోరిడాలో ఒక చెరువులో పారేసి, నేను జైల్లో పడ్డవాణ్ని కాదమ్మా, పడేసినవాణ్ని అని ఒప్పుకుంటాడు. ఇంకో కథలో పెళ్లి గౌన్లు కుట్టే ఆవిడ. అరికాళ్లు చితగ్గొట్టించుకున్న మనిషి. తాను ఏ వీధికి మారినా ఆ కొట్టినవాడు అదే వీధికి వస్తున్నాడని ఆమె నమ్మకం. చూపించిన ఇల్లు మాత్రం ఖాళీ. మరో కథలో ఆ మంగలి ఇంట్లోనే అద్దెకుండే కుర్రవాడికి, తన తల్లిదండ్రులను చంపింది ఆయనేనని గట్టి అనుమానం. క్రిస్మస్ ముందు రాత్రి చర్చిలో ఎవరినో చూసి, వీడు ఇమ్మాన్యుయేల్ కాన్‌స్టాంట్ కదా అని కూతురు ఉలిక్కిపడుతుంది. కాన్‌స్టాంట్ కల్పిత పాత్ర కాదు. 1990లలో హైతీలో ఒక హంతక ముఠాకు నాయకుడు. న్యూయార్క్‌లోని క్వీన్స్ పేటలో ఏళ్ల తరబడి మామూలుగా ఇళ్ల వ్యాపారం చేసుకుంటూ బతికాడు. చివరికి అతన్ని అమెరికా జైలుకు పంపింది హత్యల కేసు కాదు, 2008లో రుజువైన ఇంటి రుణాల మోసం కేసు.

ఆ పుస్తకంలో నాకు కనిపించింది మన లింకు డాక్యుమెంట్ల పద్ధతే. ఒక్కో కథకు ఒక్కో యజమాని. అన్నీ వరసగా పెడితే తప్ప మొదటి పట్టా ఎవరి చేతిలో రక్తంతో తడిసిందో తేలదు.

ఇక కరాచీకి వద్దాం.

కాసిం రజ్వీని సెప్టెంబరులోనే పట్టుకున్నారు. షోయబుల్లా ఖాన్ హత్య కేసు నిలవలేదు. శిక్ష నిలిచింది బీబీనగర్ దోపిడీ కేసులో, ఏడేళ్ల కఠిన శిక్ష. క్వీన్స్ పేట మనిషిలాగే ఇతనూ పెద్ద నేరంలో కాక చిన్న నేరంలో దొరికాడు. చంచల్‌గూడ, ఎరవాడ జైళ్లలో ఉండి 1957 సెప్టెంబరులో బయటికొచ్చాడు. పాకిస్తాన్ వెళ్లిపోవాలన్న షరతు మీద. పోతూ పోతూ మజ్లిస్ బాధ్యత అబ్దుల్ వాహెద్ ఒవైసీ అనే వకీలుకు అప్పగించాడు. దువాలియే హైతీ గద్దెనెక్కింది కూడా అదే 1957లో, అదే శరత్కాలంలో. ఎర్రకోట మీద అసఫ్ జాహీ జెండా ఎగరేస్తానన్న మనిషి కరాచీలో మామూలు వకీలుగా, పెద్దగా ఎవరూ పట్టించుకోని వలసదారుగా మిగిలాడు. 1970లో అక్కడే చనిపోయాడు.

లాయక్ అలీ కథ వేరే రకం. అతను షరతులతో వెళ్లలేదు, పారిపోయాడు. 1950 మార్చిలో బేగంపేట గృహనిర్బంధం నుంచి మాయమై కరాచీలో తేలాడు. ఇంట్లో జబ్బుతో పడుకున్నాడనుకుంటున్న మనిషి పాకిస్తాన్‌లో విందులో కనబడ్డాక గానీ ఢిల్లీకి సంగతి తెలియలేదు. తరువాత 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' అని తన వైపు కథ తను రాసుకున్నాడు. ఇంకో వలస కూడా చెప్పుకోవాలి, ఇది మనుషులది కాదు, డబ్బుది. 1948 సెప్టెంబరు 20న, అంటే లొంగుబాటు అయిన రెండు రోజులకు, నిజాం ప్రభుత్వ ఖాతాలోని 10,07,940 పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరిటికి మారాయి. నిజాం వారం తిరక్కుండా నా డబ్బు నాకిమ్మన్నాడు. బ్యాంకు ఇవ్వలేదు. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తీర్పు చెప్పేసరికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. పాకిస్తాన్ వాదన వీగిపోయి, డబ్బు భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ దక్కింది. డబ్బుకైతే డెబ్భై ఏళ్ల తర్వాతైనా న్యాయస్థానం దొరికింది.

పేరున్నవాళ్ల వెనక పేరులేనివాళ్లు వేల సంఖ్యలో వెళ్లారు. గుమాస్తాలు, టీచర్లు, జాగీరు పోయిన కుటుంబాలు, ఉద్యోగం ఊడిన సిపాయిలు. కరాచీ సెంట్రల్ జైలు దగ్గర్లో హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది. అక్కడ ఇప్పటికీ బగారా బైంగన్, ఆవకాయ తీరు అచార్లు దొరుకుతాయి. బహదూర్ యార్ జంగ్ పేరు మీద బహదూరాబాద్ అని మరో పేట. మలక్‌పేట, మొఘల్‌పురా వదిలిన మనుషులు చింతపండు పులుసు మాత్రం వదల్లేదు.

ఎందుకు వెళ్లారు? ఇక్కడే ఆ తిప్పేసిన పేజీకి తిరిగి రావాలి.

లొంగుబాటు తరువాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం ముగ్గురిని పంపింది. పండిట్ సుందర్‌లాల్, మౌలానా అబ్దుల్లా మిస్రీ, ఖాజీ అబ్దుల్ గఫార్. మూడో ఆయన హైదరాబాదుకు కొత్త కాదు. ఇక్కడ పయామ్ పత్రిక నడిపినవాడు, 'లైలా కే ఖుతూత్' అనే ఉర్దూ నవల రాసి పేరు తెచ్చుకున్నవాడు. విచారణ సంఘంలో ఒక నవలాకారుడు ఉండడం అరుదు. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తిరిగారు. పదహారు జిల్లాల్లో తొమ్మిది చూశారు. అవి కాక 109 ఊళ్లనుంచి వచ్చిన ఐదువందల మందికి పైగా జనాన్ని విచారించారు. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు పోయి ఉంటాయని తేల్చారు. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అన్నిటికంటే ఘోరం. ఆ తరువాతి వరసలో ఔరంగాబాద్, బీడ్‌లతో పాటు మన నల్లగొండ, మెదక్. మా అత్రాఫ్ బల్దా ఆ ఎనిమిదింటిలో లేదు. కానీ మా ఇబ్రహీంపట్నం తాలూకా తూర్పు గట్టు దాటితే నల్లగొండే. మంచాల దాటి రాచకొండ గుట్టలెక్కితే అటు ఊళ్లన్నీ కనిపిస్తాయి. అక్కడినుంచి పట్నానికి పారిపోయి వచ్చేవాళ్లకు హయత్‌నగర్ రోడ్డు, మా సాగర్ రోడ్డు తప్ప వేరే దారులు ఎక్కువ లేవు.

నివేదికలో రెండు సంగతులు పక్కపక్కనే ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులు దోపిడీని చూస్తూ ఊరుకున్నారని, కొన్నిచోట్ల తామే పాల్గొన్నారని ఒకటి. హిందూ నేతపనివాళ్లు ప్రాణాలకు తెగించి తోటి ముస్లిం నేతపనివాళ్లను కాపాడారని ఇంకొకటి. మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చున్నవాళ్లకు ఢిల్లీ, హైదరాబాదు రెండూ దూరమే కాబోలు. నివేదికను బయట పెట్టలేదు. ఢిల్లీలో నెహ్రూ మ్యూజియంలో జనం చేతికి అందేసరికి 2013 వచ్చింది. అరవై ఐదేళ్లు తాళం వేసి ఉంచారంటే అందులో ఉన్నది అబద్ధం అనుకోవడం కష్టం.

రజ్వీకి ఒక పేరుంది, ముఖముంది, కోర్టు తీర్పుంది, సమాధి ఉంది. ఆగస్టులో భైరాన్‌పల్లి మీద పడ్డవాళ్లలోనూ కొందరి పేర్లు ఊళ్లకు తెలుసు. సెప్టెంబరు తరువాత కత్తి పట్టినవాళ్ల పేర్లు? వాళ్లు బ్రూక్లిన్ పోలేదు, కరాచీ పోలేదు. పోవలసిన అవసరమే రాలేదు. అదే ఊళ్లో, అదే వేపచెట్టు కింద పంచాయితీలు చేసి, మనవళ్లను ఎత్తుకుని, మంచాన పడి పోయారు. హైతీ వలసదారుల కథ మన కథ ఇక్కడే విడిపోతాయి. అక్కడ దాక్కోవడానికి సముద్రం దాటాలి. ఇక్కడ ఊరే దాచిపెట్టింది. ఆ మాటకొస్తే కొడుకు దువాలియే కూడా పాతికేళ్లు ఫ్రాన్సులో ఉండి 2011లో తిరిగొచ్చి, విచారణ ముగియకుండానే 2014లో సొంతగడ్డ మీదే పోయాడు. పెద్దవాళ్లకు ఎక్కడైనా ఊరు దొరుకుతుంది.

వెళ్లినవాళ్ల భూముల సంగతి చెప్పకపోతే రంగారెడ్డి జిల్లా పాఠకులు ఊరుకోరు. 1950లో కాందిశీకుల ఆస్తుల చట్టం వచ్చింది. పాకిస్తాన్ వెళ్లినవాళ్ల ఇళ్లు, పొలాలు కస్టోడియన్ అనే అధికారి చేతికి పోయాయి. అటునుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన సింధీ, పంజాబీ కుటుంబాలకు నష్టపరిహారం కింద వాటిలోంచే ఇవ్వాలని 1954లో మరో చట్టం చేశారు. 1954 మే 7 తరువాత ఇక ఎవరి ఆస్తినీ కొత్తగా కాందిశీక ఆస్తి కింద ప్రకటించకూడదని గీత గీశారు. కాగితం మీద న్యాయంగానే ఉంది. ఒక ఇంటివాడు వెళ్లాడు, ఒక ఇల్లు లేనివాడు వచ్చాడు. క్షేత్రంలో అన్నదమ్ముల్లో ఒకడు వెళ్లి ముగ్గురు ఉండిపోతే? దున్నుతున్న కౌలుదారు ఎటూ వెళ్లకుండా మడిలోనే ఉంటే? వెళ్లాడనుకున్న మనిషి పాతబస్తీలో మేనత్త ఇంట్లో ఆరు నెలలు తలదాచుకుని తిరిగొస్తే? ఈ ప్రశ్నలతో నిండిన కేసులు పట్నం చుట్టూ దశాబ్దాలు నడిచాయి. చట్టాన్ని 2005లో రద్దు చేశారు, కేసులు రద్దు కాలేదు. ధరణి వచ్చింది, భూభారతి వచ్చింది. పాత ఉర్దూ పేరు ఒకటి ఎక్కడో ఒక సర్వే నంబరులో బయటపడి, తుర్కయాంజాల్ నుంచి రాయదుర్గం దాకా రియల్టర్ల నిద్ర చెడగొట్టే అవకాశం ఇప్పటికీ ఉంది.

చరిత్రకారులు ఆలస్యంగా చేసిన పనిని కథకులు కొంత ముందే చేశారు. వట్టికోట ఆళ్వారుస్వామి జైల్లో చూసిన మనుషుల్ని ఒక్కొక్కరినీ ఒక్కో కథ చేసి 'జైలు లోపల' రాశాడు. జైలే ఆ కథలన్నిటినీ కట్టే దారం. ఆయన కంటే ఐదేళ్లు చిన్నవాడు నెల్లూరి కేశవస్వామి. 1920లో పుట్టినవాడు, వృత్తిరీత్యా ఇంజనీరు. హైదరాబాదు పాతబస్తీ ముస్లిం ఇళ్ల లోపలికి, పరదా వెనక్కి వెళ్లి తెలుగులో రాసిన మొదటివాళ్లలో ఒకడు. 1981లో వచ్చిన ఆయన సంపుటి పేరే 'చార్మినార్'. 'రూహీ ఆపా', 'వంశాంకురం', 'యుగాంతం' అందులోవే. నవాబు దేవిడీలు, బేగంలు, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు, మతం చూసుకోకుండా పెరిగిన స్నేహాలు ఒక కథలోంచి ఇంకో కథలోకి పరుచుకుంటాయి. దేశ విభజన, పోలీస్ యాక్షన్ రోజుల్లో ఆ స్నేహాలకు ఏం పట్టిందో 'యుగాంతం' చెబుతుంది. తెలుగు కథాసంకలనాల్లో ఈయనకు దక్కిన చోటు చాలా తక్కువ. కోస్తా పత్రికల కంటికి ఆనలేదో, మనమే పట్టించుకోలేదో గానీ, 1984లో ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు ఆ పుస్తకం దొరకడమే గగనమైంది. డాంటికాట్ పుస్తకం వచ్చిన 2004లోనే తెలుగులో స్కైబాబ సంపాదకత్వంలో 'వతన్' అనే ముస్లిం కథల సంకలనం వచ్చింది. దేవిడీల్లోంచి కాక పల్లెటూరి పెంకుటిళ్లలోంచి, తెలుగు ఉర్దూ కలగలిసిన మాటతో. దూదేకులవాళ్లు, సైకిలు షాపులవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు అక్కడ కథ చెప్పేవాళ్లయ్యారు.

ఇన్ని చదివాక కూడా నాకు దొరకని కథ ఒకటుంది. బొమ్మ చెక్కిన ఆ కూతురి కథ. మా నాన్న పోరాటంలో ఉన్నాడు, లేదా మా తాత రజాకార్ల చేతిలో దెబ్బలు తిన్నాడు అని నమ్మి పెరిగిన ఒక మనవరాలు, దస్రా సెలవులకు ఊరికి వెళ్లి, ఇంటి వెనక పాడుబడ్డ బావిని ఎవరూ ఎందుకు పూడ్చరు, ఎందుకు తోడరు అని అడిగే కథ. అటు పక్కన కరాచీలోనో చికాగోలోనో, మా దాదా హైదరాబాదులో పెద్ద వకీలు అని విని పెరిగిన అమ్మాయి ఆయన ఏ కేసులో ఏడేళ్లు ఉన్నాడో వెతుక్కునే కథ. ఈ ఇద్దరూ ఒకే పుస్తకంలో ఉండాలి. ఒక్కరి కథే రాస్తే అది ఎన్నికల కరపత్రమవుతుంది. ఏటా సెప్టెంబరు 17న మనం చూస్తున్నది అదే కదా. 2022 నుంచి కేంద్రం విమోచన దినం అంటుంది. అదే ఏడాది రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. విలీనమని, విద్రోహమని వాదించేవాళ్లు వేరే. జెండా ఎగరేసే చేతులు మారుతుంటాయి. ఎవరి ఉపన్యాసంలోనూ షోయబుల్లా ఖాన్, సుందర్‌లాల్ ఒకే పేరాలో కనిపించరు.

ఒకే పుస్తకంలో రెండు వైపులనూ పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. కథకుడు కాదు, సర్కారు ఉద్యోగి. పైన గుర్తుంచుకోమన్న ఫరీద్ మీర్జా. నాందేడ్ జిల్లాలో రెవెన్యూ ఉద్యోగం చేస్తూ రజాకార్ల ఆగడాలు చూసి, ఆపమని పైవాళ్లకు రాసి, వినకపోతే రాజీనామా చేశాడు. షోయబుల్లా ఖాన్ ప్రాణం తీసిన ప్రకటన మీద ఆయన సంతకం కూడా ఉంది. పోలీస్ యాక్షన్ తరువాత, అప్పటికి ఆయన్ను అభినందించడానికి అందరూ సిద్ధంగా ఉన్న సమయంలో, అవే ఊళ్లకు మళ్లీ వెళ్లి ముస్లింలకు ఏం జరిగిందో రాసుకున్నాడు. రెండు వైపులా తను చూసింది, అనుకున్నది, చేసింది కలిపి 1976లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశాడు. రెవెన్యూ మనిషి కాబట్టి విశేషణాలు తక్కువ, ఊరి పేర్లు ఎక్కువ. ఉస్మానాబాద్ కలెక్టరుగా చేసి జైలు పాలైన మొహమ్మద్ హైదర్ జ్ఞాపకాలు 2012లో వచ్చాయి, వాటికి మంచి పేరొచ్చింది. ఫరీద్ మీర్జా పుస్తకం మాత్రం పాత లైబ్రరీల్లో అడిగి తీయించుకోవలసిందే. 1948లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. మంచాల, యాచారం, ఇబ్రహీంపట్నం వైపు అలాంటి పెద్దలు ఇంట్లో ఉన్న పాఠకులుంటే, ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. వాళ్లు చెప్పే పేర్లు మీ ఇంటిపేరే అయినా సరే.

వచ్చే సంచికలో: 1951 ఏప్రిల్, శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం నుంచి హయత్‌నగర్ మీదుగా పోచంపల్లికి వినోబా నడక, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వంద ఎకరాలు, మన జిల్లాలో భూదాన భూములకు ఆ తరువాత పట్టిన గతి.